గ్యాస్ పైప్‌లైన్‌లో ప్రెజర్ ఎంత వరకు సేఫ్? ఆ నంబర్ ఎలా తేలుస్తారు? నగరం పేలుడు చెప్పిన పాఠం ఇదే..

కోనసీమలో చాలా చోట్ల నేల కింద గ్యాస్ పైప్‌లైన్లు ఉన్నాయి. హెచ్చరిక బోర్డు కనిపిస్తే తప్ప కింద పైపు ఉన్న సంగతే గుర్తుండదు. కానీ అందులో గ్యాస్ భారీ ప్రెజర్‌తో వెళ్తుంటుంది. మరి ఆ ప్రెజర్ ఎంత వరకు సేఫ్? ఎలా తేలుస్తారు? ఓసారి చూద్దాం.

లెక్క ఇలా..

ఇంతకు మించి ప్రెజర్ పెట్టకూడదని ప్రతి పైప్‌లైన్‌కూ ఒక పరిమితి ఉంటుంది. ఇంజినీర్లు దీన్ని ఎంఏఓపీ అంటారు. దీనికి ముఖ్యంగా మూడు విషయాలు తెలియాలి.. ఉక్కు బలం, పైపు గోడ మందం, పైపు వ్యాసం. గోడ మందంగా ఉంటే పరిమితి పెరుగుతుంది. వ్యాసం పెద్దదైతే తగ్గుతుంది.

అలా వచ్చిన నంబర్‌ను పూర్తిగా వాడరు. సాధారణంగా జనం పెద్దగా లేని చోట 72 శాతం, ఇళ్లు దట్టంగా ఉంటే 50 శాతం, పెద్ద పెద్ద భవనాలుంటే 40 శాతం వరకే అనుమతి. అంటే పైపు వేసినప్పుడు పొలంగా ఉన్న చోట తర్వాత కాలనీ వస్తే, పరిమితిని మళ్లీ చూడాల్సిందే.

నీళ్లతో పరీక్ష ఎందుకు?

కాగితం మీద లెక్క సరిపోదు. పైపును నీళ్లతో నింపి, నడపబోయే దాని కంటే ఎక్కువ ప్రెజర్‌లో గంటల తరబడి ఉంచుతారు. దీన్నే హైడ్రోటెస్ట్ అంటారు. అమెరికా రూల్స్ ప్రకారం జనావాసాల్లో ఒకటిన్నర రెట్ల ప్రెజర్‌తో, సాధారణంగా కనీసం 8 గంటలు ఈ పరీక్ష చేయాలి. పరీక్షలో పైపు పగిలినా నీళ్లు గ్యాస్‌లా పేలవు. అందుకే నీళ్లు వాడతారు.

పరిమితి దాటకుండానే పేలింది!

2010 సెప్టెంబర్ 9న అమెరికాలోని శాన్ బ్రూనోలో 30 అంగుళాల పైప్‌లైన్ పేలి 8 మంది చనిపోయారు. దాని పరిమితి 400 పీఎస్‌ఐ. పగిలినప్పుడు ఉన్నది దాదాపు 386 మాత్రమే. మరి ఎందుకు పేలింది? రికార్డుల్లో అతుకు లేని పైపు అని ఉంది. భూమిలో ఉన్నదేమో వెల్డింగ్ సరిగా లేని చిన్న ముక్కలు. 1956లో వేసిన ఆ లైన్ పరిమితిని, గతంలో నడిచిన ప్రెజర్ ఆధారంగానే ఖాయం చేశారు. ఈ ప్రమాదం తర్వాత అమెరికా రూల్స్ మార్చింది. సరైన రికార్డుల్లేని పాత లైన్లకు హైడ్రోటెస్ట్ చేయడం, ప్రెజర్ తగ్గించడం, పైపు మార్చడం వంటి పద్ధతుల్లో పరిమితిని మళ్లీ నిర్ధారించాలని 2019లో ఆదేశించింది.

నగరంలో ఏం జరిగింది?

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ పేలింది. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన లైన్‌లో తేమ ఉన్న గ్యాస్ పంపడంతో పైపు లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. గోడ పలచబడితే పాత పరిమితికి అర్థమే ఉండదు. అందుకే పైపు లోపలికి సెన్సర్లున్న యంత్రాన్ని పంపి, గోడ ఎక్కడ ఎంత మిగిలిందో కొలుస్తారు. దీని పేరు ఇంటెలిజెంట్ పిగ్.

మీ ఊళ్లో పైప్‌లైన్ ఉందా?

- బోర్డుపై ఉన్న ఎమర్జెన్సీ నంబర్‌ను ఫోన్‌లో సేవ్ చేసుకోండి.
- పైప్‌లైన్ దారిలో తవ్వకాలు, కట్టడాలు వద్దు.
- వాసన రాలేదని లీక్ లేదనుకోవద్దు. సహజ వాయువుకు సొంతంగా వాసన ఉండదు. బుస్సుమనే శబ్దం, నీళ్లలో బుడగలు, ఒకే చోట ఎండిపోయిన గడ్డి కూడా లీక్‌కు గుర్తులే.
- అనుమానం వస్తే మంట వెలిగించకుండా, స్విచ్‌లు ముట్టుకోకుండా, బండి స్టార్ట్ చేయకుండా నడిచే దూరం వెళ్లండి. ఆ తర్వాతే ఫోన్ చేయండి.