గాలివానకు ముందు పెరటితోట

ఆశ్వయుజ కార్తీక మాసములు వచ్చినంతనే తీరపు జిల్లాల సేద్యగాని చూపు తూర్పు ఆకాశముపై నిలుచును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను, 1996 నవంబరు 6వ తేదీన కోనసీమ కొబ్బరితోటలను కూల్చిన గాలివానను, 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుఫానును ఎరిగినవారు మనలో అనేకులు కలరు. వరిచేనిని కాపాడుకొను విధములను గూర్చి మన సభలలో తరచుగా చెప్పుకొనుచున్నాము. ఇంటివెనుకనున్న నాలుగైదు సెంట్ల పెరటిని తలచువారు మాత్రము అరుదు. గాలివాన వెలిసిన పిమ్మట బాటలు తెగి, సంతలు సాగక, కూరగాయలు ప్రియమైన దినములలో ఇంటివారికి ఆదరువు ఆ పెరడే. కావున దానిని గూర్చి కొన్ని మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా గాలి స్వభావమును తెలిసికొనవలెను. గాలి వేగము రెట్టింపైనచో దాని త్రోపు నాలుగింతలగును. గంటకు 60 కిలోమీటర్ల గాలికి తట్టుకొనిన చెట్టు 120 కిలోమీటర్ల గాలికి కూలుటలో ఆశ్చర్యము లేదు. గాలిని మనము తగ్గింపజాలము. చెట్టు గాలికి అడ్డుపడు మేరను తగ్గింపగలము. మరియొక సంగతి యేమనగా, తుఫాను సుడి తిరుగుచు వచ్చును. దాని కన్ను గ్రామముమీదుగా సాగినచో గాలి కొంతసేపు అణగి, పిదప ఎదురుదిక్కునుండి మరల విరుచుకొనిపడును.

ఈ సంగతిని చదివియుండియు నేనొకసారి మరచితిని. డెల్టాలోని యొక గ్రామమున ఒక వృద్ధురాలి పెరటిలో పండ్రెండు అరటిచెట్లు గెలలతో నుండెను. ఆ గెలల సొమ్ముతో మనుమని బడిజీతము కట్టవలెనని ఆమె ఉద్దేశము. ఈశాన్యపుగాలి వచ్చునని తలచి, నేను దగ్గర నిలిచి నైరుతి వైపున మాత్రమే పోట్లు పెట్టించితిని. మొదటి గాలికి ఒక్క చెట్టును ఒరగలేదు. గాలి మరలినంతనే తొమ్మిది చెట్లు పోట్లను వీడి ఈశాన్యమునకు కూలినవి. తెల్లవారి నేను పోగా ఆమె నన్ను నిందింపలేదు. "గాలి ఒక్క దిక్కునే ఉంటుందా బాబూ, తిరిగి రాదూ?" అని మాత్రము అనెను. నాటినుండి నేను ఎచ్చటికి పోయినను ఆ మాటనే ముందుగా చెప్పుచున్నాను.

ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వినట్లు హెచ్చరిక వచ్చిననాడు పనికి పూనుకొనరాదు. పెద్ద పనులన్నియు శ్రావణ భాద్రపదములలోనే ముగింపవలెను.

మొదటిది నీటిదారి. పెరటి చుట్టును మూరెడు లోతు బోదె తీసి, పల్లమువైపునకు కలిపి, దాని నోరు పూడిపోకుండ చూచుచుండవలెను. వేళ్ళవద్ద రెండు దినములు నీరు నిలిచినచో బొప్పాయి బ్రతుకుట కష్టము. వంగ, మిరప మొక్కలను ఎత్తైన కట్టలపై నాటుట మేలు.

రెండవది కొమ్మలు కొట్టుట. ములగకొమ్మ మిక్కిలి పెళుసు. చెట్టును రొమ్మెత్తున నరికినను మరల చిగిర్చి కాయును. జామ, నిమ్మ, మామిడిచెట్లలో ఎండుకొమ్మలను, ఒరసికొను కొమ్మలను తీసివేసి, గాలి నడుమగా దూరిపోవునట్లు చేయవలెను.

మూడవది కంచె. దట్టమైన గోడను తాకిన గాలి పైకెగసి ఆవలిప్రక్కన సుడిగా దిగును. సందులున్న ప్రాణపుకంచె గాలిని వడగట్టి మెత్తబరచును. కావున సరుగుడు వంటి చెట్ల వరుస గోడకంటె శ్రేష్ఠము.

నాలుగవది విత్తనము. తోటకూర, గోంగూర, బీర, ఆనప విత్తులను బాగుగా ఎండించి, పొడిబూడిదతో సీసాలలో పోసి, మూత బిగించి, వరదనీరు అందని ఎత్తున ఉంచవలెను. కంద, చేమ వంటివి నేలలోపల నుండుటచే గాలికి చిక్కవు. వానిని కూడ కొన్ని పాదులు ఎత్తుకట్టలపై వేసికొనవలెను.

వాతావరణశాఖవారు తుఫాను రాకకు 48 గంటల ముందు అప్రమత్తతను, 24 గంటల ముందు హెచ్చరికను తెలియజేయుదురు. ఆ వ్యవధిలో ముదిరిన కాయలను, గెలలను కోసికొనవలెను. లేతగెలలున్న అరటికి రెండు గడలను కత్తెరవలె కట్టి గెలమెడక్రింద నిలిపి, మూడు దిక్కులకును త్రాళ్ళు లాగి మేకులకు కట్టవలెను. త్రాడు ఒరయుచోట గోనెగుడ్డ చుట్టవలెను. అరటి క్రిందియాకులను కోసివేయవలెను. దొండపాదును మొదలు విడిచి కోసినను మరల చిగుర్చును. పందిరి కట్లు విప్పి దానిని నేలకు దింపవలెను. కొబ్బరిచెట్టు ఎండుమట్టలను, ముదురు కాయలను తీయించవలెను. ఇవి యన్నియు గాలి లేవకముందే ముగియవలెను. గాలి లేచిన పిమ్మట ఎవరును చెట్లక్రిందికి పోరాదు.

గాలి వెలిసిన పిమ్మట తెగిన విద్యుత్తు తీగలున్నవేమో చూచుకొనిగాని పెరటిలో అడుగిడరాదు. మొదట బోదెలు తెరచి నీటిని పోనీయవలెను. ఒరిగిన లేతమొక్కల వేళ్ళు ఎండకముందే మన్ను కప్పి, తల కొంత కత్తిరించి, నిలువబెట్టవలెను. విరిగిన అరటిని మొదటికి నరికి మంచిపిలక నొకదానిని ఉంచవలెను. కొబ్బరి మొవ్వు కుళ్ళకుండ బోర్డో మిశ్రమము పోయవలెను. 100 గ్రాముల మయిలుతుత్తమును అయిదు లీటర్ల నీటను, 100 గ్రాముల పొడిసున్నమును మరి అయిదు లీటర్ల నీటను వేర్వేరుగా కలిపి, సున్నపునీటిలో తుత్తపునీటిని పోయుచు కలియబెట్టినచో అది సిద్ధమగును. ఇనుపపాత్ర పనికిరాదు. ఉప్పునీరు నిలిచిన నేలను మంచినీటితో పలుమారులు కడిగి, మన్ను పరీక్ష చేయించిన పిమ్మటనే విత్తవలెను. ఉప్పు పట్టని నేలలో ఆనాడే తోటకూర చల్లినచో నెలలోపల కూరకు వచ్చును.

గడలు, త్రాళ్ళు, మయిలుతుత్తము ఇంటింటికి కొనుట బీదవారికి భారము. గ్రామసంఘము వేసవిలోనే వానిని ఒకమారు కొని సంఘపు గిడ్డంగిలో నిలువజేసి, పదియేసి యిండ్లవారు జట్టుగా ఒకరి పెరటిపని ఒకరు చేసికొనునట్లు ఏర్పాటు చేసినచో ఖర్చును తగ్గును, వృద్ధులును వితంతువులును ఒంటరిగా మిగులరు. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చించి తీర్మానింపుడని నా మనవి.