అద్దె ఇంటి వస్తువుల జాబితా: తాళంచెవులు ఇచ్చే ముందే రాసుకోవాలి

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. ఉద్యోగ విరమణ తర్వాత సొంత ఇంటిలో ఒక భాగాన్ని అద్దెకు ఇచ్చి, ఆ ఆదాయంపై ఆధారపడే వారూ వీరిలో ఉన్నారు. పూరీ గేట్ వంటి చోట్ల అద్దెకు దిగేవారు ఐఐటీ పరిశోధక విద్యార్థులో, బదిలీపై వచ్చిన ఉద్యోగులో అయితే ఏడాది, రెండేళ్లకు ఖాళీ చేస్తారు. చిక్కు వచ్చేది ఆ రోజునే. గీజర్ ముందే పాడైందా, తర్వాత పాడైందా? గోడ మీది మరక ఎవరి కాలం నాటిది? అడ్వాన్సులో ఎంత తిరిగి ఇవ్వాలన్నది ఈ జవాబులను బట్టే తేలుతుంది.

ఒప్పందంలో గాని, స్థానిక చట్టంలో గాని వేరే నిబంధన లేని పక్షంలో, అద్దెదారు ఇంటిని తనకు అప్పగించిన నాటి స్థితిలోనే తిరిగి ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. సహజమైన అరుగుదలకు మినహాయింపు ఉంది. అయితే ఆనాటి స్థితి ఏమిటో రాతపూర్వకంగా లేకపోతే ఈ నిబంధన వల్ల యజమానికి ఒరిగేది స్వల్పమే.

‘ఫ్యాన్లు 3, ట్యూబ్‌లైట్లు 4’ అని రాసినంత మాత్రాన జాబితా పూర్తి కాదు. ఫ్యాను ఏ కంపెనీది, రెగ్యులేటర్ పనిచేస్తోందా, తిరిగేటప్పుడు శబ్దం వస్తోందా అన్నది కూడా రాయాలి. కుళాయిలు, సింకు, తలుపు గడియలు, కిటికీ అద్దాలు, స్విచ్‌బోర్డులు ఒక్కొక్కటిగా పరీక్షించి, గదివారీగా నమోదు చేయాలి. ఎన్ని తాళంచెవులు ఇచ్చారో, ఆ రోజు విద్యుత్ మీటర్ రీడింగు ఎంతో రాయడం చాలామంది మరిచిపోతారు. తగాదాలు ఎక్కువగా వచ్చేది వీటి దగ్గరే.

వానలు అధికంగా కురిసే ఈ ప్రాంతంలో గోడల చెమ్మ ప్రత్యేకంగా చెప్పుకోవలసిన విషయం. ఇల్లు బాగుందనిపించుకోవాలని పెచ్చులూడిన చోట సున్నం పూయించి ఊరుకునే యజమానులు ఉంటారు. ఇది తెలివైన పని కాదు. మామూలు జాగ్రత్తతో అద్దెదారుకు కనబడని ముఖ్యమైన లోపం యజమానికి తెలిసి ఉంటే, దాన్ని ముందుగా వెల్లడించాలని అదే 108వ సెక్షన్ నిర్దేశిస్తోంది. పైకప్పు కారుతుంటే ఆ మాట జాబితాలోనే ఉండాలి.

ఖరగ్‌పూర్ వంటి బహుభాషా పట్టణంలో భాష కూడా ముఖ్యమే. యజమాని మాతృభాష తెలుగు కావచ్చు, అద్దెదారుది బెంగాలీయో ఒడియానో కావచ్చు. చదవలేని కాగితంపై చేయించిన సంతకం రేపు వివాదానికి దారితీస్తుంది. అందువల్ల ఇద్దరూ చదవగలిగిన భాషలో రెండు ప్రతులు రాసి, ఇద్దరూ ప్రతి పేజీపై సంతకం చేసి, చెరొకటి ఉంచుకోవాలి.

ఫొటోలు, వీడియో తీసుకోవడం మంచిదే. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో సాక్ష్యంగా సమర్పించేటప్పుడు 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం జతచేయాలి. కనుక అసలు ఫైళ్లను చెరిపివేయకూడదు. సంతకాలున్న కాగితానికి ఫొటోలు తోడు మాత్రమే.

ఏ మరమ్మతు ఎవరి బాధ్యత అన్నది నిర్ణయించుకోవడానికి 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టాన్ని చూడవచ్చు. రాష్ట్రాలు స్వీకరిస్తేనే అది అమలవుతుంది. అయినా అందులోని విభజన ఉపయోగకరం: గోడలకు సున్నం, విద్యుత్ వైరింగు యజమాని వంతు, కుళాయి వాషర్లు, స్విచ్‌లు, గీజర్ మరమ్మతు అద్దెదారు వంతు.

ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావడంతో పలువురు 11 నెలల ఒప్పందాలు రాసుకుంటారు. జాబితాను ఆ ఒప్పందానికి అనుబంధంగా చేర్చాలి. గడువు పొడిగించిన ప్రతిసారీ ఇల్లు మరోసారి చూసి, మార్పులు రాసి, తేదీ వేయాలి. ఖాళీ చేసే రోజున అదే కాగితాన్ని పట్టుకుని ఇద్దరూ కలిసి గదులన్నీ తిరిగి చూసి, తగ్గించే మొత్తం ఏదైనా ఉంటే కారణంతో సహా దానిపైనే రాసి, ఆ తర్వాతే అడ్వాన్సు లెక్క తేల్చుకోవాలి.