హెపటైటిస్ బి టీకా ఎవ్వరు వేయించుకొనవలయును?

తొలకరికి ముందు పశువులకు గొంతువాపు టీకా వేయించుట మన రైతులెఱిగినదే. వ్యాధి ముదిరిన పిమ్మట ఆ టీకా పనిచేయదనియు నెఱుగుదురు. మనుష్యుని కాలేయమును చెఱచు హెపటైటిస్ బి విషయమునను న్యాయమిదియే. అయినను ఎద్దుకున్న జాగ్రత్త ఎదిగిన కొడుకునకు లేకున్నది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పనికై పోవువారనేకులు. పయనమునకు ముందు జరుగు వైద్యపరీక్షలో ఈ వ్యాధి జాడ రక్తమున కనబడినచో అనర్హుడని వ్రాయుదురు. పొలము కుదువబెట్టి ఏజెంటుకు సొమ్ము చెల్లించిన తరువాత ఈ మాట వినవలసివచ్చుట ఎంత కష్టము! ఏ బాధయు కలిగింపకయే ఈ క్రిమి ఏండ్ల తరబడి దేహమున దాగియుండును. కావున పైకమీయకమునుపే రక్తపరీక్ష చేయించుకొనుడు. వ్యాధి లేదని తేలినచో టీకా వేయించుకొనుడు: మొదటిది వేసిన నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. ఇందొక చిక్కు కలదు. సూది వేసిన పిమ్మట 18 దినముల వరకును టీకా ద్రవ్యమే పరీక్షలో వ్యాధివలె కనబడవచ్చును. కాన సూదికిని గల్ఫు పరీక్షకును నెల దినముల యెడముంచుట మేలు. ముందే సోకిన వ్యాధిని టీకా పోగొట్టజాలదు. అట్టివారికి 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వాసుపత్రులలో ఉచితచికిత్స కలదు.

అందఱికన్న ముందు టీకా పొందవలసినది శిశువు. పుట్టినప్పుడు సోకినచో నూటికి సుమారు 90 మందికి ఈ వ్యాధి పాతుకొనిపోవును. పెద్దలలో ఐదుగురికి లోపే. కనుక పుట్టిన 24 గంటలలోపల మొదటి సూది, పిమ్మట 6, 10, 14 వారములకు తక్కినవి. ఇవి 2011 నుండి దేశమంతటను ఉచితము.

వ్యాధిగ్రస్తుని భార్య లేక భర్త, ఇంటివారు, ఆసుపత్రి పనివారు, డయాలిసిస్ వారు, తఱచు రక్తమెక్కించుకొనువారు, కాలేయవ్యాధి కలవారు తప్పక వేయించుకొనవలయును. రక్తమువలనను, దాంపత్యమువలనను, కాన్పునందు తల్లినుండి బిడ్డకును, ఒకరికి వాడిన సూది, మంగలికత్తులవలనను ఇది సోకును. ఒక్క పంక్తిని భుజించినంత మాత్రమున సోకదు. రోగికి వేఱు కంచము పెట్టుట వట్టి క్రూరత్వము. పసరు మందు సంగతియా? పెద్దలలో పెక్కురకు కామెర్లు వాటంతట అవియే తగ్గును. పేరు పసరునకు వచ్చుచున్నది.

పూర్వము ఈ టీకా విదేశములనుండి వచ్చుటచే వెల మిక్కుటముగ నుండెను. 1997లో హైదరాబాదున శాంతా బయోటెక్నిక్స్ వారు తయారుచేసినప్పటినుండి సామాన్యులకందినది.

వానకాలపు నాట్లనాడు మొదటి సూది పొందినవారికి మూడవది యాసంగి నాట్ల తొందరలో వచ్చును. మఱవకుండుటకై టీకాచీటిని సంఘపు పాసుపుస్తకములో నుంచుకొనుడు.