చందమామ మీదికి నీళ్ళు ఎలా వచ్చాయి?

పోయిన నెల రాత్రి చదువు అయ్యాక ఆరో తరగతి చెల్లి ఒకామె "అక్కా, చందమామ మీద నీళ్ళుంటాయా?" అని అడిగింది. "గాలే లేనిచోట నీళ్ళెలా ఉంటాయే" అని అందరి ముందూ నవ్వేశాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. తర్వాత సైన్సు మేడం ఇచ్చిన పుస్తకం చదివితే తప్పు నాదేనని తెలిసింది. అందుకే మన గోడ పత్రికలో ఇది రాస్తున్నాను.

చంద్రుడి మీద నీళ్ళు పోస్తే నిలవవు, అది నిజమే. పగలు వేడి 100 డిగ్రీలు దాటుతుంది. ఆవిరిని పట్టి ఉంచడానికి గాలి పొర లేదు, ఆకర్షణ శక్తి కూడా భూమికున్న దాంట్లో ఆరో వంతే.

మరి నీళ్ళు ఎక్కడివి? తోకచుక్కల్లో మంచు, దుమ్ము కలిసి ఉంటాయి. కొన్ని గ్రహశకలాల రాళ్ళలో కూడా నీరుంటుంది. పారే నీరు కాదు, రాయిలోనే కలిసిపోయిన నీరు. ఇవి వందల కోట్ల ఏళ్ళుగా చంద్రుడి మీద పడుతూనే ఉన్నాయి.

ఇక్కడ నాకో అనుమానం వచ్చింది. అంత వేగంగా వచ్చి గుద్దితే, కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు అంతా ఎగిరిపోదా? మేడంని అడిగాను. చాలా భాగం పోతాది, కొంత మిగులుతాది అన్నారు. అమెరికాలో టెరిక్ డాలీ, పీటర్ షుల్జ్ అనేవాళ్ళు దీన్ని పరీక్ష చేసి 2018లో రాశారు. నీరు కలిసిన రాతి గుండును పెద్ద తుపాకీతో సెకనుకు 5 కిలోమీటర్ల వేగంతో పొడి మట్టిలోకి కొట్టారు. దెబ్బకి రాయి కరిగి గాజులా గడ్డ కట్టింది. ఆ గుండులోని నీళ్ళలో నూటికి 30 వంతుల దాకా ఆ గాజులోనూ ముక్కల్లోనూ చిక్కుకుని ఉన్నాయట!

ఎగిరిన ఆవిరి కూడా మొత్తం పోదు. కొంత గెంతుకుంటూ గెంతుకుంటూ ధ్రువాల దగ్గరి లోతు గుంటల్లో పడుతుంది. చంద్రుడు పెద్దగా వంగి లేడు, ఒకటిన్నర డిగ్రీలే. అందుకని అక్కడ సూర్యుడు ఎప్పుడూ అంచునే తిరుగుతాడు, గుంటల అడుగుకి ఎండే తగలదు. సున్నాకి 160 డిగ్రీల కన్నా కింద చలి. పడిన నీరు మంచై అక్కడే ఉండిపోతుంది. మా ఊళ్ళో గెడ్డ ఎండిపోయినా పెద్ద బండ నీడలో ఉన్న చెలమ ఎండదు. వేసవిలో అమ్మ ఆనపకాయ బుర్రతో అక్కడి నుంచే తెస్తాది. నాకు అది తలుచుకుంటేనే అర్థమైంది.

2008లో మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-1లోని పరికరం చంద్రుడి మట్టిలో నీటి జాడ పట్టింది. 2009 అక్టోబరు 9న అమెరికావాళ్ళు ఒక ఖాళీ రాకెట్‌ని కేబియస్ అనే నీడ గుంటలో పడేశారు. లేచిన దుమ్ములో వంద కిలోలకి అయిదున్నర కిలోల నీరు తేలింది. అంటే మన బిందెలో సగం కూడా కాదు. కానీ ఏమీ లేదనుకున్న చోట అది తక్కువా?

ఆ నీరంతా తోకచుక్కలే తెచ్చాయని కాదు. సూర్యుడి నుంచి వచ్చే హైడ్రోజన్ అక్కడి రాళ్ళలోని ఆక్సిజన్‌తో కలిసి కూడా కొంత తయారవుతుంది. ఏది ఎంతో ఇంకా తేలలేదు.

ఇంకో వింత. సూర్యుడి పక్కనే ఉన్న బుధగ్రహం మీద పగలు 400 డిగ్రీలు దాటుతుంది. అక్కడి ధ్రువాల నీడ గుంటల్లో కూడా మంచుందని మెసెంజర్ నౌక 2012లో చూపింది. ఇది ఆ చెల్లికి చెప్పాను. "అయితే అక్కడా చెలమలున్నాయి అక్కా" అంది. "నీళ్ళు కాదే, మంచు" అన్నాను గానీ, నవ్వలేదు.