ఇంటి గోడలకు రంగు నిర్ణయించుట

వానలు వెనుకపట్టి దీపావళి దగ్గరపడగానే మన భివండీలో ప్రతి వీథియందును నిచ్చెనలును, సున్నపు బకెట్లును కానవచ్చును. పద్మనగరమున ఒకే గదిలో కాపురముండువారు సహితము ఆ నాలుగు గోడలకు ఏదో యొక రంగు వేయింపదలతురు. దుకాణమునుండి షేడ్ కార్డు ఇంటికి వచ్చును. దానితోపాటు ఒక వింత మాటయు వచ్చును: మీ స్వభావమునకు తగిన రంగు నెన్నుకొనుడని. నీలము శాంతులకట, ఎరుపు ఉత్సాహవంతులకట, పసుపు స్నేహశీలురకట! దీనిని గూర్చి మాకు తోచిన నాలుగు మాటలు తల్లిదండ్రులకు మనవి చేయుచున్నాము.

1948లో అమెరికా దేశమున బెర్ట్రామ్ ఫోరర్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరి స్వభావమును వారికి వ్రాసి యిచ్చుచున్నానని చెప్పెను. ఆ వర్ణన తమకు చక్కగా సరిపోయినదని వారు 5 మార్కులకు సగటున 4.26 మార్కులు వేసిరి. తీరా చూడగా అందరికి నిచ్చినది ఒక్కటే కాగితము! రంగులకు జోడించు స్వభావ వర్ణనలును ఈ తెగలోనివే. పైకి గంభీరులైనను లోన మెత్తని మనసు గలవారని వ్రాసినచో కాదనువా డెవ్వడు?

రంగు మనసును తాకదని మే మనుట లేదు. కాని పదడుగుల గదిలో ఆరుగురు మెలగునపుడు ఎవరి స్వభావమునకు రంగు వేయవలెను? రాత్రి పాళీ ముగించి వచ్చి పగలు నిద్రించు తండ్రికి చీకటి కావలెను. ఆ వేళనే కిటికీ ప్రక్క పాఠము చదువు బాలికకు వెలుతురు కావలెను. కావున మనుష్యుల స్వభావమునకు ముందు గది స్వభావము నెరుగవలెను. కిటికీ ఏ దిక్కున నున్నది? ఎదుటి యింటి గోడ ఎంత దగ్గర? వానకాలమున తేమ ఏ మూల దిగును? శుభ్రమైన తెలుపు తనపై బడిన వెలుతురులో సుమారు 5 పాళ్లకు 4 పాళ్లు తిరిగి పంపును. ముదురు రంగులు చాలవరకు మ్రింగివేయును. ఒక్క కిటికీ గల గదికి పైకప్పును, కిటికీ కెదురు గోడయు తెల్లగా నుంచిన, పగటిపూట దీపము వెలిగింపకయే చదువుకొనవచ్చును.

ఇంతకు, రంగుల విద్య మన వారికి క్రొత్త కాదు. తెలంగాణ జిల్లాలనుండి ఇచటికి వచ్చిన పద్మశాలీల యిండ్లలో నూలుకు రంగు లద్దిన చేతులు కలవు. ఇచటి మరమగ్గములపై నేయునది చాలవరకు కోరా బట్ట. దానికి రంగు వేయుట వేరొకచోట. అందుచే మన బాలలు మగ్గపు చప్పుడును ఎరుగుదురు గాని రంగుల పొత్తు నెరుగరు.

ఈ పొత్తును గూర్చి పారిస్ నగరపు కథ యొకటి కలదు. అచటి గోబెలాన్ నేత కర్మాగారమున మిషెల్ షెవ్రల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు అద్దకపు శాఖాధికారిగా నుండెను. నల్లనూలునకు రంగు చాలుట లేదని ఫిర్యాదులు వచ్చెను. ఆయన పరీక్షింపగా నలుపున లోపము లేదు. నీలము, ఊదా రంగుల సరసన నేయుటచే అది వెలవెలబోయినట్లు తోచుచుండెను. రంగు తన పొరుగు రంగును బట్టి మారినట్లు కనబడునని ఆయన 1839లో గ్రంథము ప్రకటించెను. చీర అంచును, నడిమి భాగమును జతగూర్చిన మన తాతలు ఈ సంగతిని పుస్తకము లేకయే గ్రహించిరి.

కాబట్టి కార్డులోని గోరంత ముక్కను నమ్మరాదు. ఆ రంగు చీరయో దుప్పటియో గోడపై వ్రేలాడదీసి, ఉదయమున, మధ్యాహ్నమున, రాత్రి ట్యూబులైటు క్రింద చూడవలెను. స్టీలు సామాను అరతో, బీరువాతో, దేవుని పటములతో అది పొసగునా? పిదప రెండడుగుల మేర పూసి, ఎండిన తరువాత మరల చూడవలెను. నాలుగు గోడల రంగు ఒకదానిపై నొకటి ప్రతిఫలించి కార్డులోకంటె గాఢముగా తోచును గాన, మనసైన దానికంటె ఒక మెట్టు లేతది కొనుట మేలు.

పెద్దలకు జాజుపై మక్కువ. తెలంగాణ పల్లెలలో అరుగులకును, గోడల అడుగు భాగమునకును జాజు పూసి సున్నముతో ముగ్గులు తీర్చెడివారు. అది కేవలము అలంకారము కాదు. వీపు ఆనుచోట, నూనెతల తగులుచోట ఎరుపు మరకలను దాచును. గదియంతయు జాజైనచో చీకటికొట్టగును గాని, నేలనుండి మూడడుగులు ఇటుక రంగును, పైన లేత గంధపు రంగును వేసినచో నాయనమ్మ కోరికయు తీరును, మనుమరాలి చదువును సాగును. తేమ ఆరని గోడపై మాత్రము ఆయిల్ పెయింటు వేయింపకుడు, బొబ్బలెత్తి రాలును.

అందముకంటె ముఖ్యమైన దొకటి కలదు. పూర్వపు ఆయిల్ పెయింట్లలో, ముఖ్యముగా మెరయు పసుపు, ఎరుపు రంగులలో, సీసము కలుపుచుండిరి. అది పసిబిడ్డల మెదడునకు చేయు హాని మరల మానునది కాదు. ప్రభుత్వము 2016లో నియమములు చేసి, 2017 నవంబరు 1 నుండి ఇండ్ల రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని కట్టడి చేసెను. డబ్బాపై ఆ ప్రకటన చూచియే కొనుడు. పాత తలుపుల పైపొరను పొడిగా గోకింపక, తడిపి గోకించి, పెచ్చులను మూటగట్టి పారవేయుడు. ఆ దినము పిల్లలను బంధువుల యింట నుంచుట మంచిది.

ఇక రంగుల పేర్లు. కార్డుపై నున్నవన్నియు ఇంగ్లీషు పేర్లే. చిలుకపచ్చ, మామిడిచిగురు, నెమలికంఠము, వంగపండు, కనకాంబరము అను మాటలు మన పిల్లల నోట అరుదైపోవుచున్నవి. మే మెరిగిన యొక యింట నాయనమ్మ కార్డులోని ముక్కలకు ఒక్కొక్కటిగా పేరు చెప్పగా, మనుమరాలు పెన్సిలుతో ప్రతిదాని క్రింద తెలుగున వ్రాసినది. మరునాడు రంగు వేయువాడు వచ్చి ఏ రంగని హిందీలో అడుగగా, ఆ పిల్ల ‘ఉల్లిపొర’ అనెను. అతనికి తెలియలేదు. వంటింటి బుట్టలోనుండి ఒక ఉల్లిగడ్డ తెచ్చి చేతిలో బెట్టినది. అతడు దాని పైపొర నొలిచి, జేబులో వేసికొని దుకాణమునకు పోయెను.