హొలొదొమోర్: తెలుగునకు లొంగని మాట

మనవారు కరవులకు సంవత్సరముల పేర్లు పెట్టినారు. 1832-33 నాటి గుంటూరు కరవు నందన కరవు. 1876-78 నాటిది ధాత కరవు. ఆ పేర్లలో కాలమున్నది గాని కర్త లేడు. నందన కరవునకు సరిగా నూరేండ్ల తరువాత, 1932-33లో, ఉక్రెయిన్ పల్లెలను కబళించిన క్షామమును ఆ దేశస్థులు 'హొలొదొమోర్' అందురు. 'హొలొద్' అనగా ఆకలి. 'మోర్' అనగా జనులు మూకుమ్మడిగా చచ్చుట. కాని దాని వెనుకనే 'మొరితి' అను క్రియ, మాడ్చి చంపుట, వినవచ్చును. మనకు చావు వేరు, చంపు వేరు. వారి మాటలో రెండును పెనవేసికొన్నవి. లోకము ఇన్నేండ్లు తర్కించినదియు ఆ రెంటి నడుమనే.

పంట తగ్గిన మాట నిజమే. తగ్గిన పంటలోనుండియు సోవియట్ ప్రభుత్వము తన వంతు ధాన్యము వదలలేదు. 1932 ఆగస్టు 7 నాటి శాసనము ప్రకారము సమష్టి క్షేత్రమున పరిగె ఏరుకొన్నవారికి సైతము మరణశిక్షయో పదేండ్ల ఖైదో పడవచ్చును. ధాన్యము చెల్లింపని గ్రామములకు సరకులు నిలిపివేసినారు. 1933 జనవరి 22 నాటి ఉత్తరువు రైతులు పొట్ట చేతబట్టుకొని ఉక్రెయిన్ విడిచిపోకుండ దారులు మూసినది. ధాన్యము మాత్రము విదేశములకు పోవుచునే యుండెను. మృతులు 35 లక్షల నుండి 40 లక్షల వరకని జనసంఖ్యాశాస్త్రజ్ఞుల అంచనా. 1937 జనాభా లెక్కలలో లోటు బయటపడగా ప్రభుత్వము ఆ లెక్కలను తొక్కిపెట్టి, లెక్కించిన అధికారులను నిర్బంధించినది.

1933 మార్చిలో పల్లెలు తిరిగి చూచిన వేల్సు పాత్రికేయుడు గారెత్ జోన్స్ బెర్లినులో ఈ వార్త చెప్పినాడు. రెండు దినములకే న్యూయార్కు టైమ్సు విలేఖరి వాల్టర్ డురాంటీ దానిని కొట్టివేసినాడు. అంతకు ముందటి యేడే పులిట్జర్ బహుమానము పొందినవాడు గదా, ఆయన మాటయే చెల్లినది.

స్వదేశమున ఏబదియేండ్లకు పైగా ఈ ప్రసక్తి నిషిద్ధము. స్మృతిని నిలిపినవారు ప్రవాసులు, రచయితలు. ఆ ఆకలిని స్వయముగా అనుభవించి అమెరికా చేరిన వసీల్ బార్కా దానిని నవలగా వ్రాసినాడు. వసీలీ గ్రాస్మన్ ఈ క్షామమును చిత్రించిన నవల అతడు గతించిన ఆరేండ్లకు, 1970లో, విదేశమున అచ్చయినది. ప్రభుత్వముల గుర్తింపు చాల వెనుక వచ్చినది. 2003లో ఐక్యరాజ్యసమితిలో వెలువడిన సంయుక్త ప్రకటన దీనిని జాతీయ విషాదమన్నదే గాని జాతిహననమనలేదు. 2006లో ఉక్రెయిన్ శాసనసభ జాతిహననమని చట్టము చేసినది. 2022లో జర్మనీ పార్లమెంటు, ఐరోపా పార్లమెంటు ఆ మాటనే అంగీకరించినవి. రష్యా ఒప్పుకొనదు: ఇతరులును చచ్చిరి గదా యనును. కజకులు తమ జనసంఖ్యలో ఇంకను హెచ్చు పాలు నశించిన మాట సత్యము. అంతమాత్రమున ఉక్రెయిన్ దారులు మూసిన ఉత్తరువు లేకపోవునా?

నవంబరు నాలుగవ శనివారము సాయంకాలము ఉక్రెయినులో ఇంటింట కిటికీలో కొవ్వొత్తి వెలిగింతురు. ఆ సన్నివేశమును తెనిగించుచు నేను 'క్షామవధ' యని వ్రాసి కొట్టివేసినాను. అందు తీర్పున్నది, ఆకలి లేదు. 'ఆకలిచావు' అన్నను కర్త మరల తప్పించుకొనును. చివరకు హొలొదొమోర్ అనియే యుంచినాను.