నింద కోడలిదేనా?

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల సంఘాల్లో ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు సంతానం కోసం లేచి నిలబడేది దాదాపు ఎప్పుడూ స్త్రీయే. పెళ్లయి మూడేళ్లు గడిస్తే చాలు, లోపం కోడలిదేనని ఇంట్లో తేల్చేస్తాం. నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లేదీ ఆమెనే.

శాస్త్రజ్ఞులు కనుగొన్నది వేరు. మానవ సంతానోత్పత్తిపై ఏళ్ల తరబడి పరిశోధించిన అమెరికా శాస్త్రవేత్త రెనీ రేయో పెరా 1995లో, డేవిడ్ పేజ్ ప్రయోగశాలలో ఉండగా, వీర్యకణాలు బొత్తిగా లేని 89 మంది పురుషులపై అధ్యయనం చేశారు. వారిలో 12 మందికి వై క్రోమోజోమ్‌లో ఒక ముక్క లేదు. ఆ భాగంలో దొరికిన జన్యువుకు డాజ్ అని పేరు పెట్టారు. వై క్రోమోజోమ్ పురుషులకే ఉంటుంది. కాబట్టి ఈ లోపంలో భార్యకు ఏ పాత్రా లేదు. చాలావరకు ఇది ఆ వ్యక్తిలోనే కొత్తగా ఏర్పడుతుంది గనుక వంశ శాపమూ కాదు.

మన హైదరాబాద్‌లోని సీసీఎంబీలో కుమారసామి తంగరాజ్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలోనూ, వీర్యకణాలు లేని 340 మంది భారతీయ పురుషుల్లో 29 మందికి వై క్రోమోజోమ్ ముక్కలు లోపించాయి. ఇలాంటివారు చూడటానికి ఆరోగ్యంగానే ఉంటారు. పరీక్ష చేస్తే తప్ప తెలియదు.

రేయో పెరా తర్వాత మూలకణాల వైపు మళ్లారు. 2014లో ఆమె బృందం అలాంటి పురుషుల చర్మకణాలను మూలకణాలుగా మార్చి ఎలుకల వృషణాల్లో ఉంచింది. వాటిలో కొన్ని వీర్యకణాలకు తొలిరూపం వంటి కణాలయ్యాయి. ఇందుకోసం పిండాలను నాశనం చేయనక్కరలేదన్నది విశ్వాసులు గమనించదగిన సంగతి. అయితే ఇది ఇంకా పరిశోధనే, చికిత్స కాదు. మూలకణాలతో బిడ్డను ఇస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు.

హన్నాను పెనిన్నా విసిగించింది. మందిరంలో ఏలీ సైతం ఆమెను తాగి ఉన్నదనుకున్నాడు. ఆమె మాట విన్న తరువాతే సమాధానంతో పంపాడు. మన సంఘాల్లోనూ ఆమె మాట ముందు విందాం. భార్యాభర్తలిద్దరి పేర్లూ చెప్పి ప్రార్థిద్దాం. భార్యను ఆసుపత్రుల చుట్టూ తిప్పకముందే భర్త కూడా వీర్య పరీక్ష చేయించుకోవాలని కాపరులు, సంఘ పెద్దలు చెప్పాలి. అది కోత, నొప్పి లేని చిన్న పరీక్ష. పెద్దలు చెబితే మగవారు వెళతారు.